జీపు రాలేదు

"తాగడానికి కొంచెం నీళ్ళు పోస్తావామ్మా?"

శివమ్మ తలెత్తి చూసింది. గుడిసె ముందు నిలబడ్డ మనిషి కొత్తవాడు. టక్కు చేసిన చొక్కా చెమటకు వీపుకి అంటుకుపోయింది. చంకలో గుడ్డసంచి, చెప్పుల నిండా దుమ్ము.

శివమ్మ నీళ్ళకుండ మీద మూత సర్ది, దానికి అడ్డంగా కూర్చుంది.

"నీళ్ళు లేవప్పా."

ఆళ్ళగడ్డకు ఆవల, నల్లమల కింద ఉన్న ఊరది. ఊరవతల బీడులో తాతల నాటి నుంచి మేకలు మేపుకునేవాళ్ళ గుడిసెలున్నాయి. ఆ ఏడు, 2009లో, ఒక కంపెనీ వచ్చి ఎండతో కరెంటు తీస్తామంది, భూమి కావాలంది. సర్పంచ్ చెన్నకేశవులుకు ఆ పక్కనే పంట పెట్టని పొలం బోలెడుంది. దాని ఊసెత్తకుండా బీడు చూపించాడు. అక్కడ మేకలు మేపేవాళ్ళే లేరని పంచాయతీ తీర్మానం చేస్తే చాలు, బీడు కంపెనీ చేతికి పోతుంది.

శివమ్మ నంద్యాల పోయి పెద్దాఫీసులో అర్జీ ఇచ్చొచ్చింది. విచారణకు ఆఫీసరొస్తాడన్నారు. ఆ రోజు నుంచి ఆమె కళ్ళు దారి మీదే ఉన్నాయి. ఆఫీసరంటే జీపులో వస్తాడు. ముందు సర్పంచ్ ఇంట్లో కోడికూర తింటాడు, తర్వాతే ఎవరి గోడైనా వింటాడు. ఇన్నేళ్ళుగా ఆమె చూసిన ఆఫీసర్లంతా అంతే.

ఈలోగా చెన్నకేశవులే గుడిసెల దగ్గరికొచ్చాడు. నోట్లోని వక్కాకు ఆమె వాకిట్లోనే ఉమ్మి, చల్లగా చెప్పాడు.

"కంపెనీవాళ్ళు తిరుగుతాండారు. మేకలు మేపేవాళ్ళ పేర్లు రాసుకొని కేసు పెడతారంట. మేకల్ని బందెలదొడ్డికి తోల్తారు. నీ మంచికే చెప్తాండా."

పట్టుకున్న పశువుల్ని కట్టేసే ఆ దొడ్డి సంగతి శివమ్మకు బాగా తెలుసు. పోయినేడు పంచాయతీవాళ్ళు తోలుకుపోయిన ఆమె మేకలు రెండూ తిరిగి రాలేదు. వాటి తోళ్ళు చెన్నకేశవులు ఇంటి వెనక ఆరేసి కనిపించాయి. అలాంటివాడు మంచి చెప్తున్నాడంటేనే కంపరం పుట్టాలి. భయం ముందు పుట్టింది.

"శివమ్మంటే నువ్వేనా?" అడిగాడు కొత్తమనిషి.

పేరు కూడా పట్టుకొచ్చాడు.

"శివమ్మ ఊర్లో లేదు."

"యాడికి పోయింది?"

"తెల్దు."

అతను బీడు వైపు చూశాడు. నేలంతా మేక పెంటికలు. మేకలు మాత్రం లేవు. మనిషి అల్లంత దూరాన కనబడగానే ఆమె మరిది మారెన్న వాటిని ఎండిన వంకలోకి దించేశాడు.

"ఇవి ఎవరి మేకలవమ్మా?"

"మేకలవి కావు. కొండలోంచి జింకలొస్తాయి."

"ఇన్ని జింకలా?"

శివమ్మ కుండ మీద మూత మళ్ళీ సర్దింది. అతను గొంతు తగ్గించాడు.

"చూడమ్మా. ఈడ మేకలు మేపుకుంటాండామని ఒక్క మాట నీ నోటితో చెప్పు. చాలు."

"మేము మేపేది లేదు. మాకు మేకల్లేవు."

మారెన్న కట్టె పట్టుకుని వంకలోంచి పైకొచ్చాడు.

"ఏందప్పా, ఆడమనిషిని గుచ్చి గుచ్చి అడుగుతాండావ్?"

"నేను కంపెనీవాణ్ణి కాదన్నా. నేనెవర్నంటే..."

"పోయిన వారమొచ్చిన కంపెనీవాడూ ఇదే మాటన్నాడు. నడువు."

అతను మిగిలిన గుడిసెల దగ్గరా ఆగాడు. అందరిదీ అదే మాట. ఒక ముసలాయన కుక్కను కూడా ఉసిగొల్పాడు. ఎండలో రోడ్డు వైపు నడిచిపోతున్న అతన్ని చూసి శివమ్మకు ప్రాణం కుదుటపడింది.

"మన ఆఫీసరు రానీ. ఉన్నదున్నట్టు ఆయనకే చెప్తాం" అంది మరిదితో.

తర్వాత కొన్నాళ్ళకు గ్రామసభ పెట్టారు.

అజెండా కంటే ముందు ఉప్మా వచ్చింది. వెనకాలే కంపెనీ టోపీలు వచ్చాయి. టోపీలు తలకు పెట్టుకుని, చేతుల జిడ్డు పంచెలకు తుడుచుకుని, ఒక్కరూ చదవని కాగితం మీద వరసగా సంతకాలు పెట్టారు. బీడులో ఏనాడూ కాలు పెట్టనివాళ్ళు బీడు ఇచ్చేయమని చేతులెత్తారు. తిన్న ఉప్మా అందరికీ శుభ్రంగా అరిగింది.

శివమ్మ లేచి నిలబడింది.

"విచారణ కాకుండా తీర్మానం ఎట్ల చేస్తారు? ఆఫీసరు రానేలేదు."

చెన్నకేశవులు పళ్ళ సందులో ఇరుక్కున్న కరివేపాకు గోటితో తీసి, చూసుకుని, మళ్ళీ నోట్లో వేసుకున్నాడు.

"వచ్చిపోయినాడు. బీడులో మేపేవాళ్ళెవరూ లేరని తేల్చినాడు. అర్జీ ఇచ్చిన శివమ్మ ఊర్లోనే లేదంట."

టోపీలన్నీ నవ్వాయి.

"అట్లని ఎవరు చెప్పినారు?"

"మీ గుడిసెలోళ్ళే."

"అబద్ధం. యా జీపూ రాలేదు. నేను దారి కాచుకొనే ఉండా."

"నేనూ జీపు కోసమే చూసినా. ఆయన కోసమని కోడి కోపిచ్చి పెట్టినా. తిక్క మనిషి, నా గడప కూడా తొక్కలేదు" అన్నాడు చెన్నకేశవులు.

శివమ్మ తిరిగి రోడ్డు వైపు చూసింది.

సర్పంచ్ నీడ పడని చోట ఆమె మాట వినాలని, జీపు ఆళ్ళగడ్డలోనే వదిలేసి, బస్సు దిగి ఆ ఎండలో నడిచొచ్చి, ఆమె గుడిసె ముందు నిలబడి గుక్కెడు నీళ్ళడిగినవాడే ఆ ఆఫీసరు.