గుండీ కన్ను గుడ్లగూబ

గుడ్లగూబను దొంగిలించింది బావమరిది. దొంగిలించమన్నది బావ.

అదేం పెద్ద పని కాలేదు. అది చచ్చి ముప్ఫై ఏళ్లయింది. లోపల గడ్డి కుక్కి, రెక్కలు చాచి, బడిలో సైన్సు గది అల్మరాలో పెట్టారు. కుడి కన్ను ఎప్పుడో రాలిపోయి ఉంటే, తెచ్చాక బావ తన చొక్కా గుండీ పీకి అతికించాడు.

బావది ఫొటో స్టూడియో. ఇరవై ఏళ్లుగా "కదలకండి" అంటూ పాస్‌పోర్టు ఫొటోలు తీస్తున్న చెయ్యి. అలాంటివాడికి ఫొటోల పోటీలో వచ్చిన అంశం, ఎగిరే అడవి గుడ్లగూబ! పాత ధాన్యం గోదాము దగ్గర వారం రోజులు కాపు కాస్తే ఒక దాంట్లో తోక పడింది, ఇంకో దాంట్లో రెక్క కొస, మిగతా వాటిల్లో ఉత్త ఆకాశం. కదలకండి అంటే గుడ్లగూబ వింటుందా?

గెలవకపోతే కొంప మునిగినట్టే. స్టూడియో గది మామగారిది. "అల్లుడూ, ఈసారి కప్పు రాకపోతే కెమెరా అటకెక్కించు. ఆ గదిలో జిరాక్సు మిషను పెడతా" అని తేల్చి చెప్పేశాడాయన.

అందుకే ఆ సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, బావమరిది గోదాము పై కిటికీలోకి ఎక్కాడు. కింద బావ కెమెరా పట్టుకుని "ఒకటి, రెండు, మూడు" అనగానే బొమ్మను విసిరేవాడు. అది ప్రహరీ గోడ అవతల గడ్డిలో పడేది. దిగి, తెచ్చుకుని, మళ్లీ ఎక్కేవాడు.

"ఒరేయ్, అది ఎగురుతున్నట్టు లేదురా! మెట్ల మీంచి జారిపడ్డట్టుంది!"

"నువ్వే ఎక్కి విసురు బావా, నా మోకాళ్లు అరిగిపోయాయి!"

తొమ్మిదోసారి "మూడు" అన్నాక కాస్త ఆలస్యమైంది. బావ తిట్టబోయేలోపు వచ్చింది. రెక్కలు చాచి, చప్పుడు లేకుండా, కెమెరా మీదికే వచ్చి గోడ దాటింది.

"ఇదిరా విసరడమంటే! నా బంగారమే!"

బావమరిది బొమ్మను చంకలో పెట్టుకుని దిగాడు. పదేళ్లలో బావ అతన్ని మెచ్చుకోవడం అదే మొదలు. ఏదో చెప్పబోయి మానేశాడు. బావ అప్పటికే కెమెరాను ముద్దు పెట్టుకుంటున్నాడు. ఫొటోలో కుడి కన్ను కూడా నిగనిగలాడుతోంది. అంతా తన గుండీ పనితనమే అనుకున్నాడు.

ఫొటో గెలిచింది. బహుమతుల రోజు ఊరంతా సభలో ఉంటుంది కాబట్టి, బొమ్మను అల్మరాలో పెట్టేసి రమ్మని బావమరిదిని బడికి పంపాడు బావ.

వేదిక మీద పక్షుల నిపుణుడు కళ్లు తుడుచుకున్నాడు. "నలభై ఏళ్లుగా పక్షుల్ని చూస్తున్నాను. ఆ చూపు చూడండి! ముఖ్యంగా ఆ కుడి కన్ను! ప్రాణం తొణికిసలాడుతోంది!"

బావ చొక్కాకు గుండీ లేని చోట చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇంతలో సైన్సు టీచరమ్మ లేచింది. "అచ్చం ఇలాంటిదే మా బడిలో ఉండేదండీ. మొన్న ఎవడో ఎత్తుకుపోయాడు."

పాపం, ఆవిడ ఫొటోను మెచ్చుకోవడానికే లేచింది. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం మన బావ. మైకు లాక్కుని భోరుమన్నాడు.

"నేనేనండీ! అది చచ్చి ముప్ఫై ఏళ్లయింది! ఆ కన్ను నా చొక్కా గుండీ!"

కప్పు రెండో బహుమతివాడికి పోయింది. వాడి ఫొటోలో ఉన్నది తోక ఒక్కటే. మామగారు అక్కణ్ణుంచే జిరాక్సు మిషను కోసం ఫోన్ చేశాడు.

స్టూడియో మెట్ల మీద కూలబడ్డ బావ దగ్గరికి బావమరిది ఈల వేసుకుంటూ వచ్చాడు. "పెట్టేశా బావా. ఏదీ కప్పు?"

"బొమ్మను విసిరి తీశామని అందరి ముందూ ఒప్పేసుకున్నాన్రా."

ఈల ఆగిపోయింది. బావమరిది మెల్లగా పక్కన కూర్చున్నాడు.

"నువ్వు మొదటిసారి మెచ్చుకున్నావని నోరు మూసుకున్నా బావా. తొమ్మిదోసారి బొమ్మ కిటికీ మేకుకు తగులుకుని నా చేతిలోనే ఉండిపోయింది... బయటికి ఎగిరింది లోపల కాపురముంటున్న అసలు గుడ్లగూబే!"