చప్పటి ఘారీ

"ఏందే జమునా, సేఠ్ గీ ఘారీల చక్కెర ఏసుడు మర్చిండా?" నెయ్యి కారుతున్న మిఠాయి ముక్కను నములుతూ రఘుపతి మొహం చిట్లించాడు.

కరోనా రెండో ఏడు. తను పనిచేసే సూరత్ చూడటానికి సిరిసిల్ల నుంచి వచ్చిన భార్యకు ఆ ఊరి మిఠాయిలు రుచి చూపిద్దామని అతడు సేఠ్ కొట్టుకు తీసుకొచ్చాడు. తీరా చూస్తే పేడా, హల్వా కూడా తనకు చప్పగానే తగిలాయి. "సబ్ ఫీకా హై," అన్నాడు సేఠ్‌తో.

జమున ఘారీ కొరికింది. తీపికి పళ్లు జివ్వుమన్నాయి. "తియ్యగనే ఉందిగద!"

సేఠ్ గబుక్కున మాస్కు పైకి లాక్కున్నాడు. "భాయ్, పహలే టెస్ట్ కరావో!"

రఘుపతి బెదిరిపోయాడు. "జమునా, నాకు కరోనా అచ్చిందా?"

జమున నడుం మీద చెయ్యి వేసుకుంది.

"అది తర్వాత సంగతి. పెండ్లైనంక మొదటిసారి, పొద్దుగాల నా పప్పుచారు మంచిగుందన్నవు. గందుకేనా?"