పద్నాలుగు కిలోలు

“అవి మాత్రం తియ్యకండి బాబూ.”

గుమ్మంలోంచి వచ్చిన మాటకి మెకానిక్ ఇనుము కోసే మిషను ఆపి తలెత్తాడు.

అరవై దాటిన మనిషి. బక్కపల్చటి ఒళ్ళు, వెలిసిన చొక్కా. షెడ్డు బయట నిలబడి ఎర్ర కారు వంకే చూస్తున్నాడు.

యాభై ఏళ్ళనాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. తుక్కు కింద కొని, అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆరేళ్ళు కష్టపడి దానికి ప్రాణం పోశారు. అన్న బండి కడతాడు, చెల్లెలు నడుపుతుంది. ఆదివారం కొండదారి రేసు. బరువు ఎంత తగ్గితే బండి అంత చురుగ్గా ఎక్కుతుంది.

అందుకే స్టెప్నీ తీసేశాడు. బంపర్లు తీసేశాడు. అద్దాల చోట ప్లాస్టిక్ రేకులు బిగించాడు. పక్క సీటూ పోయింది. ఇక ఉన్నవి తలుపుల్లో అడ్డంగా బిగించిన రెండు ఇనప కమ్మీలు.

“ఇంక మిగిలింది నా జడే అన్నయ్యా. అదీ కోసి తూకం వేసుకో!” అని పొద్దున్నే నవ్వింది చెల్లెలు.

“ఎవరండీ మీరు?” చిరాగ్గా అడిగాడు మెకానిక్.

“ఇటు పోతూ చూశాను. పక్కనుంచి దెబ్బ తగిలితే మనిషికి అడ్డుండేవి ఆ కమ్మీలే.”

“రెండూ కలిపి పద్నాలుగు కిలోలు. పాత కార్లకి అవి ఉండితీరాలన్న రూలేమీ లేదు.”

“రూలు సంగతి కాదు బాబూ.”

ముసలాయన లోపలికొచ్చి, వంగి, కారు లోపలి నేలని గోటితో గీకాడు.

“ఇదిగో, చప్పుడు రాకుండా పూసిన తారు. ఇదంతా గీకేస్తే ఎనిమిది కిలోలైనా పోతుంది. బ్యాటరీ చిన్నది పెట్టుకోండి, ఇంకో ఆరు. సరిపోయిందిగా?”

పక్కనే ఉన్న చెల్లెలి ముఖం వెలిగింది. “బాబాయ్ గారు చెప్పింది బాగుంది అన్నయ్యా.”

ఆ మధ్యాహ్నమంతా ముగ్గురూ కూర్చుని తారు గీకారు. ముసలాయన చేతులు నల్లబడ్డాయి, మోకాళ్ళు పట్టేశాయి. అయినా లేవలేదు.

చిన్న బ్యాటరీ కూడా పెట్టి తూకం వేస్తే, అన్నట్టే పద్నాలుగు తగ్గింది.

మెకానిక్ పొంగిపోయాడు. పొంగిపోయి, మళ్ళీ ఆ కమ్మీల వంక చూశాడు.

“ఇవి కూడా తీసేస్తే ఇరవై ఎనిమిది!”

“బాబూ, వద్దు!”

“మీరెప్పుడైనా రేసు నడిపారా?”

“లేదు.”

“పోనీ, రేసు బండి కట్టారా?”

“లేదు.”

“మరి ఏం తెలుసని చెప్తున్నారు?”

ముసలాయన నోరు తెరిచాడు. చెల్లెలి వంక చూశాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ మూసేసుకున్నాడు.

“రేసు ముందు అపశకునం మాటలు మాకొద్దు. ఇక దయచెయ్యండి.”

ఆయన వెళ్ళిపోయాక చెల్లెలు మెల్లగా అంది. “ఉంచుదాం అన్నయ్యా.”

“కట్టేది నేను, నడిపేది నువ్వు. నీ పని నువ్వు చూసుకో.”

కోత మిషను మళ్ళీ రొద పెట్టింది.

ఆదివారం పొద్దున మెకానిక్ కొండ మీద, గెలుపు గీత దగ్గర గడియారం పట్టుకుని నిలబడ్డాడు. సగం దారి దాకా అందరికంటే తన చెల్లెలే ముందుందని మైకులో చెప్పారు. అతను ఎగిరి గంతేశాడు.

ఆ తర్వాత మైకు మూగబోయింది.

ఏడో మలుపులో బండి జారి, తలుపు వైపు నుంచి రాతిగోడని కొట్టింది.

దారి మూసేశారు. ఎవర్నీ కిందికి దిగనివ్వలేదు. అరగంట తర్వాత అతను పడుతూ లేస్తూ అక్కడికి చేరేసరికి అంబులెన్సు వెళ్ళిపోయింది.

“క్షణంలో అయిపోయిందట. పాపం, ఆ అమ్మాయికి నొప్పి కూడా తెలిసుండదు,” అన్నారెవరో.

ఆ ఒక్క మాటనే పట్టుకుని వేలాడాడు మెకానిక్.

మూడో రోజు మెకానిక్ ఇంటి గుమ్మం దగ్గర ముసలాయన కనిపించాడు. చూడగానే మెకానిక్ ఒళ్ళు మండిపోయింది.

“మీరన్నట్టే జరిగిందని కళ్ళారా చూసిపోదామని వచ్చారా?”

“కాదు బాబూ, ఒక్క మాట...”

“మీ మాటలు చాలు! ఇంకోసారి ఈ గుమ్మం తొక్కారంటే మర్యాద దక్కదు!”

ముసలాయన తల వంచుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిది నెలలు గడిచాయి.

స్కూటరు బ్రేకులు పట్టడం లేదని ఒక నర్సు షెడ్డుకి వచ్చింది. గోడ మీది ఫొటో చూసి ఆగిపోయింది.

“ఈ అమ్మాయి... ఆ రోజు అంబులెన్సులో నేనున్నానండీ.”

“క్షణంలో పోయిందన్నారు,” అన్నాడు మెకానిక్.

నర్సు తబ్బిబ్బయింది. “లేదండీ. ఇరవై నిమిషాలుంది. తలుపు నలిగిపోయి బయటికి తియ్యడానికి వీల్లేకపోయింది. మా పెద్దాయనే లోపలికి దూరి, తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.”

“పెద్దాయనంటే?”

“ముప్పై ఏళ్ళుగా ఆ మలుపు దగ్గర, నుజ్జయిన బండ్లు కోసి మనుషుల్ని బయటికి తీసేది ఆయనేనండీ. బక్కపల్చగా ఉండేవారు. రేసు వస్తోందంటే షెడ్డు షెడ్డుకీ తిరిగి, కమ్మీలు తియ్యొద్దని బతిమాలేవారు.”

“ఆయన... ఇప్పుడెక్కడుంటారు?”

“పోయిన నెలే పోయారండీ. గుండె ఆగి.”

మెకానిక్ గోడ మీది ఫొటో వంక చూశాడు.

“మా చెల్లి... ఏమైనా అందా?”

“చివరిదాకా ఏదో చెప్తూనే ఉందండీ. ఆయన చెవి ఆనించి విన్నారు. మాకెవరికీ వినపడలేదు. అడిగితే, అది వాళ్ళన్నయ్య ఒక్కడే వినాల్సిన మాట, నేనే వెళ్ళి చెప్తానన్నారు,” అని అతని ముఖంలోకి చూసింది నర్సు. “మూడో రోజు మీ ఇంటికి వచ్చారు కదండీ?”