స్నానం చేసిన టిన్ను

"ఒక్క టిన్ను ఇవ్వడానికి ఇంతసేపా అమ్మా?"

లౌరి బూట్లు తొడుక్కుని, కోటు బొత్తాలన్నీ పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. బయట లోయంతా వాన. ఇవాళ బడి వాళ్ళ కోతల పండుగ. పిల్లలంతా చర్చిలో పాట పాడి, తలా ఒక టిన్ను తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాలి. అవన్నీ లేనివాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకుకి పోతాయి. ఏటా జరిగేదే.

వాళ్ళమ్మ నెరిస్ మాత్రం పెళ్ళిసంబంధం చూస్తున్నంత హడావిడి చేస్తోంది. అల్మరాలోంచి ఒక్కో టిన్నూ తీయడం, అటూ ఇటూ తిప్పడం, పెదవి విరిచి మళ్ళీ లోపల పెట్టేయడం.

"పీచ్ పండ్లు ఇద్దాం. మనకి ఏది తినాలనిపిస్తే అదే ఇవ్వాలని టీచరు చెప్పింది."

నెరిస్ ఆ టిన్ను మూత మీంచి చుట్టూ ఉన్న కాగితం మీదికి దిగిన నల్ల మరకని గోటితో గీరి చూసింది. కాగితం చిరిగింది.

"ఇది వద్దు."

"పోనీ చేప?"

"అదీ వద్దు."

"ఎందుకని? అన్నీ శుక్రవారం తెచ్చినవేగా!"

"వద్దన్నానా?"

లౌరి మూతి ముడిచింది. "నువ్వు పీనాసివి. పాపం, వాళ్ళింట్లో తినడానికి ఏమీ ఉండదట. నీకు అక్కర్లేనిది వాళ్ళ మొహాన కొడతావా?"

ఆ మాట చురుక్కుమని తగిలింది. నెరిస్‌కి కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసింది. పిల్ల ఉత్త చేతులతో వెళ్ళకూడదు. పదిమందిలో తల దించుకోకూడదు. ఆమెకి కావలసింది అదొక్కటే.

చివరికి బీన్స్ టిన్ను తేలింది. నెరిస్ గోళ్ళరంగు తుడిచే మందు తెచ్చి మూత మీద పోసి దూదితో రుద్దింది. చాల్లేదు. అంట్లు తోమే పీచు తీసుకుని ఇంకా రుద్దింది. వేళ్ళు ఎర్రబడ్డాయి.

"టిన్నుకి స్నానమా!" లౌరి అలక మరిచిపోయి నవ్వింది.

"ఇచ్చేదేదో శుభ్రంగా ఇవ్వాలి."

"దారిలో కొత్తది కొనేద్దాంలే అమ్మా."

"టైము లేదు."

టైము బోలెడుంది.

చర్చి అంతా తల్లులతో, తడిసిన గొడుగులతో కిటకిటలాడుతోంది. మెరియెల్ రెండు చేతులా రెండు సంచులు మోసుకుంటూ వచ్చింది. లౌరి తరగతిలోనే చదువుతున్నాడు ఆమె కొడుకు.

"మావాడు అల్మరా మొత్తం ఊడ్చేశాడనుకో," అంటూ లౌరి చేతికేసి చూసింది. "అయ్యో, ఒక్కటేనా?"

"ఇంకోటి మోయలేనంది," అంది నెరిస్.

"నేనెప్పుడన్నాను?" అంది లౌరి.

పాట అయిపోయింది. పిల్లలు వరసలో కదిలారు. అప్పుడు చూసింది నెరిస్, బల్ల వెనక కూర్చున్న మనిషిని. ఆల్వెన్. ఫుడ్ బ్యాంకు పని చూసే ముసలావిడ. మామూలుగా టిన్నులన్నీ ఎత్తుకుపోయి, లెక్కా డొక్కా తర్వాత తీరిగ్గా చూసుకుంటారు. ఈసారి ఆవిడ మార్కర్ పుచ్చుకుని ఇక్కడే తిష్ఠ వేసింది. ప్రతి టిన్నూ బోర్లా తిప్పి, అడుగున చీమల్లా ఉన్న తేదీని కళ్ళజోడు సవరించుకుని వెతికి, మూత మీద పెద్ద పెద్ద నల్ల అంకెల్లో రాస్తోంది. ఏది ముందు వాడాలో సర్దేవాళ్ళకి చూడగానే తెలియాలిగా మరి.

నెరిస్ గబగబా వరస పక్కకి వెళ్ళింది.

"లౌరీ, పెట్టేసి వచ్చెయ్. అక్కడ నిలబడకు."

లౌరి వింటేనా! టిన్నుని తిన్నగా ఆల్వెన్ చేతిలోనే పెట్టింది.

"మా అమ్మ దీనికి స్నానం చేయించింది ఆంటీ!"

చుట్టుపక్కల వాళ్ళు గొల్లుమన్నారు. మెరియెల్ ముక్కు ఎగబీల్చింది. "ఏదో వాసనొస్తోందే. గోళ్ళరంగు మందులా లేదూ?"

ఆల్వెన్ బొటనవేలు గీతలు పడ్డ మూత మీద ఆగిపోయింది. కళ్ళజోడు పైనుంచి తలెత్తి చూసింది. నెరిస్ ఆ చూపుకి తట్టుకోలేక నేల చూపులు చూసింది. ఇప్పుడు ఒక్క మాట చాలు. పిల్ల ముందు, మెరియెల్ ముందు, ఇంతమంది ముందు, ఒకే ఒక్క మాట.

"నా వాసనేలే మెరియెల్," అంది ఆల్వెన్. "బయల్దేరుతూ గోళ్ళు తుడుచుకొచ్చాను."

"ఈ వయసులో గోళ్ళరంగా ఆంటీ?"

"ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడే? పోయాకా?" అని, ఆవిడ లౌరి బుగ్గ పుణికింది. "మంచి టిన్ను తెచ్చావు తల్లీ."

తర్వాత మార్కర్ మూత తీసి, అడుగున తేదీ కోసం తిప్పి చూడకుండానే, పోయిన శుక్రవారం ఫుడ్ బ్యాంకులో నెరిస్ సంచీలో తన చేత్తో పెట్టిచ్చిన ఆ టిన్ను మీద, ఇంకా లీలగా మిగిలి ఉన్న తన అంకెల మీదే మళ్ళీ దిద్దింది.