చెల్లెలి వేషం

చెల్లెలి శాలువా కప్పుకుని, చేతులకు గాజులు తొడుక్కుని ఆసుపత్రికి బయల్దేరిన భర్తను భార్య గుమ్మంలోనే ఆపేసింది.

"ఇంకెన్నాళ్ళండీ ఇలా? అత్తయ్యకి నిజం చెప్పేయండి."

"ఏమని? నీ కూతురు బస్సు ప్రమాదంలో పోయింది, నీకు తెలియకుండానే అన్నీ జరిపించేశామనా? ఆ గుండె ఈ పూట కూడా దాటదు."

"మరి కొడుకు ఒక్కసారైనా రాలేదేమని ఆవిడ అడగదా?"

"రోజూ అడుగుతుంది. నాటకాలతో ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాడని చెబుతున్నాను."

 ఆమె అతని విగ్గు సరిచేసి పక్కకు తప్పుకుంది.

ముప్పై ఏళ్ళుగా ఆడవేషాలు కట్టి పేరు తెచ్చుకున్న నటుడతను. ఒకసారి ఓ పెద్దమనిషి తెర వెనక్కి వచ్చి, నాటక సమాజం పెద్దతో "ఈ పిల్లని మా అబ్బాయికి చేసుకుంటాం, మీరు కాదనకూడదు" అని పట్టుబట్టాడు కూడా. అలాంటివాడికి చూపు మందగించిన తల్లిని నమ్మించడం ఎంతసేపు? చెల్లెలి గొంతు, మాట మధ్యలో ఆగి నవ్వడం, అన్నీ అచ్చం దించేశాడు. 

ఆ రోజు అతని వేషం సంగతి తెలిసిన నర్సు ఎదురొచ్చింది. "త్వరగా వెళ్ళండి. ఇక కష్టమన్నారు డాక్టరుగారు."

తల్లి ఎగపోస్తోంది. అతను మంచం అంచున కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చానమ్మా," అన్నాడు చెల్లెలి గొంతుతో.

"పిల్లలు తిన్నారా?"

"తిన్నారమ్మా. చిన్నది నీ దగ్గరికి వస్తానని ఒకటే గోల."

"మీ ఆయన?"

"బాగానే ఉన్నారు." నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మరి మీ అన్నయ్యో?"

"బయల్దేరాడమ్మా. దారిలో ఉన్నాడు."

తల్లి తడుముకుంటూ అతని చెంప నిమిరింది. వేళ్ళకు తడి తగిలింది.

"ఏడవకు. పోయినవారమే నర్సులు గుసగుసలాడుకుంటుంటే అంతా విన్నాను. దాని గొంతు ఇంకొన్నాళ్ళు వినాలనిపించి ఊరుకున్నాను," అంది. కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"ఇక చాల్రా నాన్నా. ఒక్కసారి నీ గొంతుతో 'అమ్మా' అను."