పగులు మీద గాజుపలక

“బిడ్డా, సన్నటి అద్దం ముక్కలేమన్న ఉన్నయా?”

మెట్లెక్కుతున్న దేదీప్య ఆగింది. అడిగింది బేస్‌మెంట్‌లో ఉండే అంజయ్య.

2009 జనవరిలో జెర్సీ సిటీలోని ఆ పాత ఇటుకల బిల్డింగ్‌కి వచ్చాడాయన. మంచు ఎత్తేవాడు, చెత్త డబ్బాలు రోడ్డు మీదికి లాగేవాడు. పనివాడని అందరూ అనుకున్నారు. ఆయనా కాదనలేదు.

“దేనికంకుల్?”

“గోడకు పెట్టనీకి.”

దిష్టికి కాబోలనుకుంది దేదీప్య. యూనివర్సిటీ ల్యాబ్‌లో పనికిరావని పారేసిన గాజు స్లైడ్లు ఐదు తెచ్చిచ్చింది.

మర్నాడు మెట్ల పక్క గోడ మీద, పగులుకు అడ్డంగా, సిమెంటుతో అంటించిన ఐదు స్లైడ్లు కనిపించాయి. ఒక్కోదాని పక్కన పెన్సిల్‌తో తేదీ. అన్నిటికీ పైన ఇంత పసుపు బొట్టు.

పక్క ఫ్లాట్‌లో ఉండే సాయి తేజ పగలబడి నవ్వాడు. “అమెరికా గోడకి కూడా దిష్టి తీస్తున్నాడు చూడు! ఫొటో తియ్, ఫొటో తియ్!”

అంజయ్య కాక ఆ బిల్డింగ్‌లో ఉండేది పంతొమ్మిది మంది. దాదాపు అందరూ మాస్టర్స్ చేస్తున్న మన పిల్లలే. ఓనర్ శ్యామ్‌సుందర్‌ని ఒక్కరూ చూసిన పాపాన పోలేదు. ఏం చెప్పుకున్నా ఈమెయిల్‌లోనే. పగులు గురించి రాస్తే ఒక పెయింటర్‌ని పంపాడు. ఆ పెయింటర్ రంగు పూసి, గోడ బ్రహ్మాండంగా ఉందన్నాడు. పిల్లికి ఎలుక సాక్ష్యం!

మార్చి వచ్చింది. ఒకరోజు మెట్లు దిగుతుంటే మూడు స్లైడ్లు నడిమికి విరిగి కనిపించాయి. ఎవరో సోఫా మోస్తూ తగిలించి ఉంటారనుకుంది దేదీప్య. అంజయ్య ఆ విరిగినచోట వేలితో తడుముతూ ఫోన్‌లో ఎవరినో బతిమాలుతున్నాడు.

“ఇంటలేవురా... నేను జెప్పేది ఇంటనే లేవు.”

వారం తిరక్కుండా మెయిన్ డోర్ మీద ఎర్ర కాగితం పడింది. ఈ బిల్డింగ్ నివాసానికి పనికిరాదు, ఒక్కరోజులో ఖాళీ చెయ్యాలి, శుక్రవారం కూల్చేస్తాం అని సిటీ ఆర్డర్.

“సోమవారం నా థీసిస్ సబ్మిషన్! ఇప్పుడెక్కడికి పోవాలి?” దేదీప్యకు ఏడుపొక్కటే తక్కువ.

“ఎవడో కంప్లైంట్ ఇచ్చాడు. దొరికితే ఉంటది వాడికి!” అన్నాడు సాయి తేజ.

“నేనే ఇచ్చిన బిడ్డా,” అన్నాడు వెనక నుంచి అంజయ్య.

ఇంకేముంది, పంతొమ్మిది నోళ్లూ ఆయన మీద విరుచుకుపడ్డాయి.

“మీకేం పోయింది అంకుల్? ఇల్లు మీదా, వాకిలి మీదా? రోడ్డున పడేది మేం కదా!” అంది దేదీప్య.

అంజయ్య పైన ఆమె గదికి వెళ్లాడు. ఆమె పుస్తకాల పెట్టె భుజానికెత్తుకుని నాలుగంతస్తులూ దిగాడు. అలా మూడుసార్లు. ఆమె కనీసం థాంక్స్ కూడా చెప్పలేదు. ఆ కోపం అలాంటిది.

గురువారం పొద్దున్న పదయింది. బిల్డింగ్ చుట్టూ కంచె, ముందు పోలీసు కారు. అందరూ ఎదుటి పేవ్‌మెంట్ మీద నిలబడ్డారు.

“మా కుక్కర్ పైనే ఉండిపోయింది. పది నిమిషాల్లో తెచ్చుకుంటాను, ప్లీజ్,” సిటీ ఇన్‌స్పెక్టరమ్మను దేదీప్య బతిమాలుతోంది.

“పది సెకన్లు కూడా ఇవ్వను.”

“ఇన్నేళ్లు నిలబడింది, ఇంకో పది నిమిషాలు నిలబడదా?”

ఆ మాటకు జవాబు బిల్డింగే చెప్పింది. లోపల ఎక్కడో ఫటేల్మంది. పగులున్న గోడ కూర్చుండిపోయింది. దాంతోపాటే మెట్లు, నాలుగో అంతస్తు, దేదీప్య మంచం ఉండాల్సిన చోటు, అన్నీ. వీధంతా ఎర్రటి దుమ్ము.

దుమ్ములోనే సాయి తేజ తలలు లెక్కపెట్టాడు. ఒకసారి చాలక రెండోసారి కూడా.

“పంతొమ్మిది! పంతొమ్మిది మందీ ఉన్నాం!”

ఒక్కసారిగా కేక లేచింది. ఈలలు, చప్పట్లు, ఏడుపులు, కౌగిలింతలు. నిన్నటిదాకా లాండ్రీ వంతుల కోసం కొట్టుకున్నవాళ్లు కూడా ఒకరినొకరు ఎత్తుకుని గిరగిరా తిప్పారు. బతికి ఉండటం అంత గొప్పగా ఉంటుందని దేదీప్యకు అప్పుడే తెలిసింది. ఏడుస్తూనే నవ్వింది.

“మీ వాళ్లలో ఒకాయన మా ఆఫీసుకి వచ్చాడు,” అంది ఇన్‌స్పెక్టరమ్మ. “ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. రుమాలు విప్పి విరిగిన గాజుపలక నా టేబుల్ మీద పెట్టాడు. రెండు చేతులూ కలిపి, మెల్లగా విడదీసి చూపించాడు. నాకు అర్థమైపోయింది, ఆయన వెంట వచ్చి గోడ చూశాను. గాజు సాగదు. గోడ వెంట్రుకవాసి కదిలినా విరుగుతుంది. పని తెలిసినవాడు చేసే పరీక్ష అది.”

పసుపు బొట్టు గుర్తొచ్చింది దేదీప్యకు. పని మొదలుపెట్టేటప్పుడు మేస్త్రీలు పెట్టే బొట్టు. దాన్ని చూసి తామెంత నవ్వారు!

“సాయీ, అంకులేడీ?”

“నిన్నే వెళ్లిపోయాడు. ఎవడో కారులో వచ్చి, మొహం మాడ్చుకుని ఎక్కించుకుపోయాడు. ఇండియా ఫ్లైట్ అంట.”

దేదీప్య మొహం వాడిపోయింది. పుస్తకాల పెట్టె మోసిన ఆ భుజమే కళ్లముందు మెదిలింది.

“ఈ కాగితం కూడా ఇచ్చాడు. మా ఆఫీసులో ఎవరికీ చదవడం రాలేదు. ఇది మీ భాషేనా?” ఇన్‌స్పెక్టరమ్మ ఫైల్ లోంచి ఒక కాగితం తీసింది.

వంకర టింకర తెలుగు అక్షరాలు. చుట్టూ మూగినవాళ్లందరికీ వినపడేలా దేదీప్య గట్టిగా చదివింది:

“అయ్యా, ముప్పయేండ్ల సంది మేస్త్రీపని చేసిన, ఈ గోడ నిలువదు, లోపల పంతొమ్మిది మంది పిల్లలున్నరు, ఇంటి ఓనరు శ్యామ్‌సుందర్ నా కన్నకొడుకే గని వాడు నా మాట ఇంటలేడు, మీరన్న ఇనుండ్రి.”