తల్లి లేని గూడు

అల్లుడొచ్చాడని ఆదిశేషమ్మ నిన్న తల్లికోడిని కోసింది. ఇవాళ చీకటి పడుతున్నా దాని ఏడు పిల్లలూ గూట్లోకి పోలేదు. వలల కుప్ప మీదికెక్కి కూర్చున్నాయి.

"పిల్లలకి గూడు అలవాటైనాక కోసుండాల," అన్నాడు మొగుడు చెంచయ్య.

"కూర రెండోసారి ఏయించుకున్నప్పుడు ఈ మాట ఏడబోయింది?"

అప్పుడు ఖాళీ గూట్లోంచి తల్లికోడి పిలిచింది. పిల్లలు ఒక్కొక్కటే దిగి లోపలికి పోయాయి. తర్వాత చప్పుడు లేదు.

"తలుపేసి వచ్చెయ్ మే," అన్నాడు చెంచయ్య.

ఆదిశేషమ్మ గూట్లోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. ఏడు పిల్లలూ తగిలాయి. ఆ చేతి మీద మెల్లగా ఒక రెక్క పరుచుకుంది.

ఆమె చెయ్యి తీయలేదు.

"కోసింది నేనే. ఏం చేసుకుంటావో చేసుకో. పిల్లల్ని మాత్రం ఇయ్యను."

రెక్క బిగిసింది.